కింది గేటు దగ్గర గొంతు

చీకటిపడ్డాక ఆ గేటు దగ్గర ఎవరు పిలిచినా పలకకూడదు. ఆగకూడదు. తల తిప్పి చూడకూడదు.

ఆ కొండకి నడకకి వెళ్ళేవాళ్ళలో ఈ మాట తెలియనివాళ్ళు లేరు.

గేటంటే కోటగుమ్మం కాదు. కొండ దిగి రోడ్డు ఎక్కబోయే చోట, రోడ్డుకి ముప్ఫై గజాల ఇవతల, ఇనపరేకు కొట్టిన పాత గేటు. పైన ముళ్ళతీగ, మధ్యలో గొలుసు, గొలుసుకి గుప్పెడంత తాళం. లోపల సరుగుడు తోట. తోటలో మనుషులు లేని ఇల్లొకటి. పొద్దుగూకాక ఆ ఇంటి వైపు నుంచి...

"ఎవరండీ అక్కడ... కొంచెం ఆగండి..."

అంతే. ఇంకేమీ అనదు. కానీ ఆ గొంతులో నీరసం ఉంటుందట. విన్నవాళ్ళకి రాత్రి నిద్రపట్టదట. ఆగినవాళ్ళు ఏమయ్యారో చెప్పడానికి మాత్రం ఎవరూ లేరు — ఎందుకంటే ఆగినవాళ్ళే లేరు.

ఒకప్పుడు కొండ దిగడానికి ఆ తోటలోంచే దారి. పై గేటులోంచి వచ్చి, ఇంటి పక్కగా నడిచి, కింది గేటులోంచి రోడ్డెక్కేవాళ్ళు. తోట ఒక పెద్దాయనది. "నడవండి, ఎవరొద్దన్నారు? గేటు వేసి పోండి, చెత్త పారెయ్యకండి, అంతే" అనేవాడు. ఆ రెండూ తప్ప అన్నీ చేశారు జనం. గేట్లు బార్లా తీసి పోయారు. మేకలు రోడ్డుమీద పడి బళ్ళకింద చచ్చాయి. మొక్కల మధ్య ప్లాస్టిక్ సీసాలు మొలిచాయి. పెద్దాయన పోయాక కొడుకు వచ్చి చూసి, రెండు గేట్లకీ తాళాలు వేయించి, 'సొంత స్థలం, దారి లేదు' అని బోర్డు పెట్టించి తన ఊరు వెళ్ళిపోయాడు. ఇంకేముంది! కంచె చుట్టూ తిరిగి వచ్చే పొడుగు దారే మిగిలింది. తోటకి ఒక కాపలా మనిషి ఉండేవాడు. కొన్నాళ్ళకి అతనూ కనపడలేదు. కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడన్నారు.

ఆ వానాకాలమే గొంతు మొదలైంది.

మొదట విన్నవాళ్ళలో సూదమ్మ ఉంది. అసలు పేరు వేరే. రక్తపరీక్షల ల్యాబులో పద్దెనిమిదేళ్ళుగా పొద్దున ఆరింటి నుంచి సూదులు గుచ్చుతుంది కనక అందరికీ సూదమ్మే. ఆదివారం ఒక్కరోజు సూది పక్కన పెట్టి, నడక సంఘం వాళ్ళతో కొండకి వెళ్తుంది. ఆ సాయంత్రం కంచె పక్కగా వస్తుంటే పిలుపు వినపడింది. పదిమందీ ఒక్క పరుగు. అందరికంటే ముందు సూదమ్మ. ఆ పరుగు గురించి వారంరోజులు ల్యాబులో చేతులు ఊపి మరీ చెప్పింది. "నా జన్మలో అంత జోరుగా పరిగెత్తలేదర్రా!" అని నవ్వించింది.

నడక సంఘానికి పెద్ద ఈల మాస్టారు. బళ్ళో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైనా మెడలో ఈల మాత్రం రిటైర్ కాలేదు. కొండకి కొత్తగా వచ్చేవాళ్ళని నిలబెట్టి పద్ధతులు చెప్పేవాడు. ఎక్కేవాళ్ళకి దిగేవాళ్ళు దారివ్వాలి. ఎదురైనవాళ్ళని పలకరించాలి. అందరికంటే నెమ్మదైన మనిషిని వదిలి పోకూడదు — చివర ఒక తోక మనిషి ఉండి తీరాలి. గొంతు విన్న రోజు నుంచి ఇంకోటి చేర్చాడు. "కింది గేటు దగ్గర ఎవరు పిలిచినా పలకొద్దు."

దగ్గర దగ్గర రెండేళ్ళయింది ఆ మాట పుట్టి. ఇక అసలు సంగతి —

ఆ ఆదివారం సూదమ్మతో ఆమె ఆడపడుచు కూడా వచ్చింది. స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టే మనిషి. రోజంతా మిషను మీద వంగి నడుము పట్టేసిందని, వదినే బలవంతాన లాక్కొచ్చింది. కొత్త బూట్లు కొనిపెట్టింది కూడా. ఆ బూట్లే కరిచాయి. మధ్యాహ్నం నాలుగయ్యేసరికి అమ్మాయి కుంటుతోంది. నాలుగున్నరకి మబ్బు పట్టింది. ముందున్నవాళ్ళు వానకి జడిసి వ్యాను వైపు అడుగులు పెంచారు. తోక మనిషి మందుల షాపు కుర్రాయన. ఒకసారి ఆగి, "వస్తున్నారుగా?" అన్నాడు.

"నువ్వు పద, మేం వెనకే వస్తాం" అంది సూదమ్మ.

అతను పోయాడు. ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత ఎన్నిసార్లు తల కొట్టుకుందో.

పది నిమిషాలు కాలేదు. వాన. బండమీద నాచు. వెనకాల ఒక కేక... రాళ్ళు దొర్లిన చప్పుడు... తిరిగి చూసేసరికి దారిమీద మనిషి లేదు.

దారికి నిలువెత్తు కింద, రెండు బండల మధ్య పడి ఉంది. కుడికాలు మోకాలి కింద ఉండకూడని వైపుకి తిరిగి ఉంది. రెండు చేతులూ దానిమీద కప్పి పెట్టుకుంది.

"చూడకు వదినా... చూస్తే కంగారుపడతావు."

"నేను కంగారుపడే మనిషినైతే నా ఉద్యోగం ఎప్పుడో ఊడేది. చెయ్యి తియ్యి."

తీసింది. ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికొచ్చింది. రక్తం... సూదమ్మ రోజూ చూసే రక్తమే. కానీ గాజుగొట్టంలో చూడ్డం వేరు, వానలో బండమీద పారుతుంటే చూడ్డం వేరు. ఇది ఇంట్లో మనిషిది. తను పెళ్ళై వచ్చిననాటికి పదేళ్ళ పిల్ల. జడ వేసి బడికి పంపిన పిల్ల.

చున్నీ చింపింది. గాయానికి పైన గట్టిగా కట్టింది. రెండు కర్రలు విరిచి కాలు కదలకుండా అటూ ఇటూ పెట్టింది. అమ్మాయి పళ్ళు కరుచుకుని ఏడుపు మింగింది. సూదమ్మ తన కోటు తీసి ఆమెకి కప్పి, సంచీలో ఉన్న తెల్లటి వానతొడుగు తను తగిలించుకుంది.

ఫోను తీస్తే సిగ్నలు లేదు. చార్జింగు తొమ్మిది శాతం.

అరిచింది. గొంతు చించుకుని, పేరు పేరునా పిలిచింది. వాన చప్పుడు ఆ అరుపులన్నీ మింగేసింది. గొంతు బొంగురుపోయింది తప్ప ఒక్క మనిషి పలకలేదు.

పొడుగు దారిన, చీకట్లో, వానలో రోడ్డెక్కాలంటే మూడు గంటలు. మూడు గంటలు పోను, మళ్ళీ రాను... చున్నీ అప్పుడే ఎర్రబడుతోంది. అమ్మాయి పెదాలు తెల్లబడుతున్నాయి. సూదమ్మకి ఎవరూ లెక్క చెప్పక్కర్లేదు.

తోట దారిన అయితే నలభై నిమిషాలు. గేట్లకి తాళాలున్నా ఎలాగో ఎక్కి దాటొచ్చు.

"గంటన్నరలో మనుషుల్ని తీసుకుని వస్తా. నిద్రపోకు. విన్నావా? ఈ ఏడు ఎన్ని యూనిఫారాలు కుట్టావో మొదట్నుంచీ లెక్కపెట్టు."

"ఏ దారిన వెళ్తావు వదినా?"

సూదమ్మ తోట వైపు చూసింది.

"వదినా... తోటలోంచి వద్దు. చీకటిపడుతోంది."

"నాకు ఇంకో దారి ఉంటే చెప్పు, వెళ్తా."

అమ్మాయి కప్పిన కోటుని మెడదాకా లాక్కుంది. తర్వాత మెల్లగా, "డాక్టరుకి చెప్పు, కుట్లు దగ్గరదగ్గరగా వెయ్యమను. దూరం కుట్లు నాకు నచ్చవు" అంది.

సూదమ్మ నవ్వబోయింది. నవ్వు రాలేదు. వెనక్కి చూడకుండా దిగింది.

పై గేటు ఎవరో ఎప్పుడో విరగ్గొట్టారు. ఒక్క బందు మీద వేలాడుతోంది. బోర్డు మీద అక్షరాలు సగం చెరిగిపోయాయి. లోపలికి అడుగుపెట్టి, అలవాటుకొద్దీ గేటుని వెనక్కి లాగి ఆనించింది. "ఇప్పుడొచ్చింది బుద్ధి" అని తనని తనే తిట్టుకుంది.

తోటలో చీకటి ముందే వచ్చి కూర్చుంది. సరుగుడు చెట్లు గాలికి ఒకటే హోరు... ఎవరో నిట్టూర్చి, మళ్ళీ నిట్టూర్చినట్టు. ఫోను వెలుగులో రెండడుగుల నేల తప్ప ఏమీ కనపడటం లేదు. చార్జింగు అయిపోతుందని ఆర్పేసింది. ఆర్పగానే —

వెనక అడుగుల చప్పుడు.

ఆగింది. చప్పుడూ ఆగింది. నడిచింది. చప్... చప్... చప్... తన వెనకే, తన అడుగుకి అడుగు. పరుగెత్తబోయి, చెయ్యి వెనక్కి పెట్టి చూస్తే... తడిసిన వానతొడుగు. అంచు పిక్కలకి కొట్టుకుంటోంది.

"ఛీ" అంది పైకే. ఆ 'ఛీ' విని మళ్ళీ తనే ఉలిక్కిపడింది.

ఇల్లు వచ్చింది. నల్లగా, కిటికీల రెక్కలు ఊడి. లోపలెక్కడో ఒక తలుపు గాలికి కొట్టుకుంటోంది — టప్... కాసేపాగి... టప్. సూదమ్మ అటు చూడలేదు. పక్కన ఎవరో నిలబడి తనవైపే చూస్తున్నారనిపిస్తోంది. అయినా చూడలేదు. చూస్తే కాళ్ళు కదలవని తెలుసు. 'గంటన్నర అన్నాను... గంటన్నర అన్నాను...' అనుకుంటూ ఆ ఇల్లు దాటింది.

కింది గేటు.

రేకు సందులోంచి చూసేసరికి ప్రాణం లేచొచ్చింది. రోడ్డుమీద వ్యాను! లైట్లు వెలుగుతున్నాయి. వెలుగులో గొడుగులు, మనుషులు. తమ కోసమే ఆగి ఉన్నారు. ఈల మాస్టారి టోపీ కూడా కనపడుతోంది.

ముప్ఫై గజాలు.

గేటు పట్టుకుని ఊపింది. గొలుసు కదల్లేదు. రేకు మీద రెండు చేతులతో బాదింది. ఊపిరంతా కూడదీసుకుని అరిచింది. బొంగురుపోయిన గొంతులోంచి సగం గాలే వచ్చింది —

"ఎవరండీ అక్కడ... కొంచెం ఆగండి...!"

ఆ మాట వెనకున్న ఇంటికి తగిలి తిరిగొచ్చింది.

అన్నాక తెలిసింది తనేమందో.

రోడ్డుమీద గొడుగులన్నీ ఒక్కసారి గేటు వైపు తిరిగాయి. ఒక్క క్షణం... ఎవరూ కదల్లేదు. తర్వాత ఎవరో ఆడమనిషి కెవ్వుమంది. "ఎక్కండి! ఎక్కండి!" ఈల కీచుమంది. గొడుగులు దొర్లాయి.

"నేనండీ! మాస్టారూ, నేను!" రేకు సందులోంచి చెయ్యి బయటికి పెట్టి ఊపింది. చీకట్లో గేటులోంచి ఊగుతున్న తెల్లటి చెయ్యి. ఇంకేం చూడాలి వాళ్ళు! తలుపు ధన్‌మని పడింది. వ్యాను ఉరికింది. ఎర్రలైట్లు రెండు... మలుపు దగ్గర ఒకటి... తర్వాత ఏమీ లేదు.

సూదమ్మ రేకుకి నుదురు ఆనించి నిలబడిపోయింది. ఏడవడానికి కూడా ఓపిక లేదు. 'అక్కడ పిల్ల లెక్కపెడుతోంది. ఎంతవరకొచ్చిందో...'

ఎక్కబోయింది. రేకుకి కాలు ఆనలేదు, జారింది. ముళ్ళతీగ పట్టుకుంటే అరచెయ్యి చీరుకుపోయింది. మూడుసార్లు ఎక్కింది, మూడుసార్లూ వెల్లకిలా పడింది. మూడోసారి పడ్డాక, బురదలో కూర్చుని ఇంటి వైపు చూసింది.

గొలుసు తెంపడానికి ఏదైనా కావాలి. గునపమో, గొడ్డలో. ఉంటే అక్కడే ఉండాలి.

భయం పోయిందా అంటే పోలేదు. భయపడటానికి తీరిక లేదు, అంతే.

ఇంటి వెనక ఒక రేకుల కొట్టం. ఫోను వెలుగు వేసింది. నాలుగు శాతం, సిగ్నలు ఇక్కడా లేదు. కొట్టంలో తుప్పుపట్టిన కొడవలి, ఖాళీ ప్లాస్టిక్ డ్రమ్ము, చిరిగిన గోనెలు. గునపం లేదు. కొట్టం పక్కగా ఇంకో అడుగు వేసింది —

కాలికింద చెక్క ఫెళ్ళుమంది.

మోకాలిదాకా దిగబడిపోయి, రెండు చేతులతో గట్టు పట్టుకుని ఎలాగో పైకి వచ్చింది. నేలలో కట్టిన నీళ్ళ సంపు. పైన కప్పిన చెక్కలు పుచ్చిపోయి, సగం ఎప్పుడో కూలిపోయి ఉన్నాయి. లోపలికి వెలుగు వేసింది. మనిషిన్నర లోతు. అడుగున ఎండుటాకులు, బురద.

ఆకుల్లో ఒక ఖాకీ కోటు.

కోటులో మనిషి... చచ్చాక మనిషి ఎంత మిగులుతాడో అంత.

సూదమ్మ నోరు తెరిచింది. అరుపు రాలేదు. చేతిలో ఫోను మాత్రం అక్కడే వెలుగుతోంది. ఆ వెలుగులో అతని నడుము దగ్గర ఏదో తళుక్కుమంది.

తాళం చెవుల గుత్తి.

అప్పుడు పోల్చుకుంది. గేటు బాబాయి. తోటకి కాపలా ఉన్న మనిషి. ఒకసారి సూదమ్మే గేటు తీసి వదిలేసి పోతుంటే వెనక్కి పిలిచి, "మీ ఇంటి తలుపు కూడా ఇలాగే తీసిపెట్టి పోతావా తల్లీ?" అని చివాట్లు పెట్టిన మనిషి. పెట్టి, మళ్ళీ తనే మంచినీళ్ళిచ్చిన మనిషి.

కూతురి దగ్గరికి వెళ్ళలేదు. ఎక్కడికీ వెళ్ళలేదు.

వెలుగు ఇంకొంచెం కదిపింది. తొడ ఎముక రెండు ముక్కలు. గోడ వారగా, పైనుంచి నీళ్ళు కారే పగులు కింద, ఒక సత్తు గ్లాసు... జాగ్రత్తగా నిలబెట్టి ఉంది. వాననీళ్ళు పట్టుకోవడానికి.

అంటే పడగానే పోలేదు. నీళ్ళు తాగాడు. బతికి ఉన్నాడు.

నీళ్ళు దొరికితే తిండి లేకపోయినా మనిషి ఎన్ని రోజులు ఉండగలడో ల్యాబు మనిషికి తెలుసు. ఆ రెండేళ్ళనాటి రోజులు కళ్ళముందు తిరిగాయి. ఆదివారం తాము విన్నారు. బుధవారం గడ్డి కోసుకునే ఆడవాళ్ళు విన్నామన్నారు. మళ్ళీ ఆదివారం ఇంకొకరెవరో విన్నారు. ఈసారి చాలా సన్నగా వినపడిందని చెప్పుకున్నారు. దెయ్యం నీరసపడిందని ఎవరో జోకు వేస్తే అందరూ నవ్వారు. సూదమ్మ కూడా నవ్వింది.

"బాబాయ్..." అంది. "విన్నాం బాబాయ్. అందరం విన్నాం."

కొట్టంలోంచి డ్రమ్ము దొర్లించుకొచ్చి సంపులోకి వదిలింది. గట్టు పట్టుకుని వేలాడి, డ్రమ్ము మీద కాలు ఆనించి దిగింది. ఫోను పళ్ళ మధ్య పెట్టుకుంది. గుత్తి కట్టిన తాడు అతని నడుముకి ముడివేసి ఉంది. తడికి బిగిసిపోయి ఊడటం లేదు. వేళ్ళతో ఎంత లాగినా రాలేదు. వంగి, పంటితో... పంటితో పీకింది ఆ ముడిని. ఆ పని చేస్తున్నది తనేనని ఆమెకే నమ్మకం కలగలేదు.

గుత్తి చేతికి వచ్చింది.

ఫోను ఆరిపోయింది.

చిమ్మచీకటి. పక్కన అతను. పైన వాన. చేతిలో చల్లటి ఇనుము.

"మా పిల్ల పైన ఒంటరిగా ఉంది బాబాయ్" అంది చీకట్లోకి. "నిన్ను వదిలేసినట్టు దాన్ని వదిలెయ్యలేను. మళ్ళీ వస్తా. ఈసారి నిజంగా వస్తా."

ఎలా ఎక్కిందో తనకే తెలియదు. డ్రమ్ము జారింది, మోచేతులు చీరుకుపోయాయి, గట్టు మీద కడుపు ఆనించి పాము పాకినట్టు పాకి బయటపడింది. చీకట్లో తడుముకుంటూ గేటు దగ్గరికి పరుగెత్తింది. చేతిని సందులోంచి పెట్టి తాళం పట్టుకుంది. మొదటి చెవి పట్టలేదు. రెండోది లోపలికి పోలేదు. మూడోది పోయింది గానీ తిరగలేదు. తుప్పు. రెండు చేతులూ పెట్టి, ఒళ్ళంతా బలం చేసి తిప్పింది...

కటుక్.

అంత తియ్యటి చప్పుడు తను పుట్టాక వినలేదని తర్వాత చెప్పేది.

రోడ్డు ఎక్కి నడిమధ్యన నిలబడింది. ఒక కారు వచ్చింది, వేగం తగ్గించింది, ఆమె అవతారం చూసి పక్కనుంచి దూసుకుపోయింది. తర్వాత కూరగాయల మినీలారీ. సూదమ్మ ఈసారి పక్కకి జరగలేదు. రెండు చేతులూ చాపి నిలబడింది. బండి కీచుమంటూ అడుగు దూరంలో ఆగింది.

డ్రైవరు తల బయటపెట్టలేదు. అద్దం రవ్వంత దించి, టార్చి ఆమె కాళ్ళమీద వేశాడు.

"ముందుకి రెండడుగులు వెయ్యి" అన్నాడు వణుకుతూ.

"ఏంటి?"

"పాదాలు కనపడాలి. ఎటు తిరిగున్నాయో చూడాలి."

సూదమ్మ బూట్లు విప్పి పారేసింది. వట్టి పాదాలతో లైటు వెలుగులోకి వచ్చి నిలబడింది. "చూడన్నా! వేళ్ళు ముందుకే ఉన్నాయి. లెక్కపెట్టుకో, పది. నీకు దణ్ణం పెడతా, మా మరదలు కొండమీద చచ్చిపోతోంది."

పది ఉన్నాయో లేదో అతను లెక్కపెట్టలేదు. తలుపు తీశాడు. క్లీనరు ఫోనులోంచి ఆంబులెన్సుకి కబురు పెట్టారు. లారీ గేటులోంచి తోటలోకి, తోటలోంచి పై గేటు దాకా ఎక్కింది. అక్కణ్ణుంచి ముగ్గురూ టార్చీలతో పరుగు.

బండల దగ్గరికి వచ్చేసరికి మాటా లేదు, మూలుగూ లేదు. సూదమ్మ మోకాళ్ళమీద పడి మెడ పక్క వేలు పెట్టింది. లేదు... లేదు... సన్నగా, దారం లాగినట్టు — కొట్టుకుంటోంది.

"ఎంతవరకొచ్చావే?" అంది చెవిలో.

చాలాసేపటికి పెదాలు కదిలాయి. "నాలుగువందల... పన్నెండు... మధ్యలో నాలుగైదు... మరిచిపోయా..."

లారీలోని తార్పాలిన్ పరిచి దానిమీద మోసుకొచ్చారు. సూదమ్మ ఆ రాత్రి ఆసుపత్రి గుమ్మం దగ్గరే పోలీసులకి సంపు సంగతి చెప్పింది. తెల్లారకముందే వాళ్ళతో వెళ్ళి, బాబాయిని పైకి తీసేదాకా అక్కడే నిలబడింది. ఉండక్కర్లేదమ్మా అన్నా కదల్లేదు. అతని కూతురు మర్నాడు వచ్చింది. మాటపట్టింపుతో తండ్రి ఫోను చెయ్యడం లేదనుకుందట రెండేళ్ళుగా. సూదమ్మ ఆవిణ్ణి పట్టుకుని ఏదో చెప్పబోయింది. చెప్పలేకపోయింది. ఆవిడకి తెలియాల్సిన మాట, సూదమ్మ నోటికి రాని మాట ఒకటే.

మూడోరోజు ఈల మాస్టారు ఆసుపత్రికి వచ్చాడు. మెడలో ఈల లేదు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. మంచం మీద ఆడపడుచు మందుల మత్తులో నిద్రపోతోంది. కాలికి రాడ్లు వేశారు, కాలు నిలిచింది.

"లోపలికి రండి మాస్టారూ."

వచ్చాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"మీరు వేరే దారిన దిగి బస్సెక్కి పోయుంటారని ఎవరో అన్నారమ్మా. అయినా ఆగాం. అరగంట ఆగాం."

"నేను పిలిచింది వినపడిందా?"

"వినపడింది."

"విని కూడా పోయారా?" సూదమ్మ గొంతు ఇంకా పూర్తిగా రాలేదు. అడిగేటప్పుడు కోపం కూడా లేదు. ఆ కోపం ఎవరిమీద పడాలో ఆమెకి తెలుసు.

"మీ గొంతొక్కటే అయితే పోల్చుకునేవాణ్ణే. పదేళ్ళుగా వింటున్న గొంతు. అది మీరేనేమోనని నేనొక అడుగు ముందుకేశాను కూడా. ఈలోగా... రెండో గొంతు."

"నా గొంతే మాస్టారూ. ఇంటి గోడకి తగిలి తిరిగొచ్చింది. నేనూ విన్నాను."

మాస్టారు తల అడ్డంగా ఊపాడు.

"మగ గొంతమ్మా. మీ పక్కనుంచే."

వార్డులో ఎక్కడో నీళ్ళ కుళాయి కారుతోంది.

"ఏమంది?"

ఆమె మొహంలోకి చూడకుండా, మెల్లగా చెప్పాడు.

"'పోకండయ్యా... ఈ తల్లి ఇంకా బతికే ఉంది' అంది."